ఎండను పండిస్తున్న నెడుంబాశేరి

కేరళలో ఎర్నాకుళానికి ఉత్తరంగా దాదాపు 30 కిలోమీటర్ల దూరాన, ఆలువకూ అంగమాలికీ నడుమ నెడుంబాశేరి ఉంది. చుట్టూ కొబ్బరి తోటలు, అరటి తోటలు, అక్కడక్కడ వరి మళ్ళు, కొంత దూరంలో పెరియార్ నది. కోనసీమ నుండి వెళ్ళినవారికి సొంత ఊరి పొలిమేరకు వచ్చినట్లే ఉంటుంది. కొచ్చిన్ అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. గల్ఫ్ దేశాలలో కష్టపడే మలయాళీ కుటుంబాలకు ఇది రాకపోకల గుమ్మం. పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే విమానాశ్రయంగా ప్రపంచంలో మొట్టమొదట పేరు తెచ్చుకున్నది కూడా ఇదే.

మారామన్ మహాసభలకు వెళ్తూ మేము కుటుంబంగా ఈ ఊరిలో దిగాము. మారామన్‌కు వెళ్ళే తొందరలో చాలామంది ఈ విమానాశ్రయాన్ని చూడకుండానే దాటిపోతారు. మేము ఒక పూట ఆగి చూచాము. చూచినదీ, తెలిసికొన్నదీ చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

విమానం క్రిందికి దిగుతుండగానే కిటికీలో నుండి నీలి రంగు మడులు కనబడతాయి. మొదట చెరువేమో అనిపిస్తుంది. ఇంకా క్రిందికి వచ్చాక అవి వరుసలు వరుసలుగా పరచిన సౌర ఫలకాలని తెలుస్తుంది. బయటికి వచ్చి కార్లు నిలిపే స్థలానికి వెళ్తే అక్కడ పైకప్పు కూడా అవే ఫలకాలు. క్రింద కార్లకు నీడ, పైన కరెంటు!

ఈ విమానాశ్రయం 1999లో ప్రారంభమయ్యింది. ప్రభుత్వం ఒక్కటే డబ్బు పెట్టి కట్టినది కాదు. 30 దేశాలలో ఉన్న దాదాపు 10 వేలమంది ప్రవాస భారతీయులు వాటాలు వేసుకుని నిలబెట్టారు. ఇంత పెద్ద భవనాలకు పగలూ రాత్రీ దీపాలు, చల్లదనం, సామాను మోసే యంత్రాలు ఉండాలి. కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని 2013లో పైకప్పు మీద 100 కిలోవాట్ల ఫలకాలు పెట్టి చూచారు. ఫలితం బాగుండడంతో మరొక మెగావాటుకు పెంచారు. ఆ తరువాత సరకుల విభాగం దగ్గర ఖాళీగా ఉన్న 45 ఎకరాలలో 46 వేలకు పైగా ఫలకాలు నిలబెట్టి, 2015 ఆగస్టు 18న 12 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ రోజు నుండి విమానాశ్రయానికి కావలసినంత కరెంటు, అనగా రోజుకు సుమారు 50 వేల యూనిట్లు, సూర్యుని నుండే రావడం మొదలయ్యింది.

“మరి రాత్రి ఎండ ఉండదు కదా నాన్నగారూ, లైట్లు ఎలా వెలుగుతాయి?” అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. ఇంత కరెంటును దాచడానికి ఇక్కడ పెద్ద పెద్ద బ్యాటరీలు పెట్టలేదు. పగలు మిగిలిన కరెంటును రాష్ట్ర విద్యుత్ బోర్డు తీగలలోకి పంపిస్తారు. రాత్రి అవసరమైనంత తిరిగి తీసుకుంటారు. జీతం వచ్చిన రోజున బ్యాంకులో వేసి నెలాఖరున తీసుకునే గృహిణి లెక్క లాంటిదే ఇది.

అయితే కేరళలో జూన్ వచ్చిందంటే నెలల తరబడి మబ్బులే. ఎండ తగ్గినప్పుడు సౌరవిద్యుత్తూ తగ్గుతుంది. దీనికి కూడా ఆ వానలోనే జవాబు వెదికారు. కోళికోడ్ జిల్లాలో అరిప్పార దగ్గర ఏటి ప్రవాహంతో నడిచే 4.5 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రాన్ని ఈ విమానాశ్రయ సంస్థే కట్టి 2021 నవంబరులో ప్రారంభించింది. వానకాలంలో ఏరు పారినంత సేపూ అది పనిచేస్తుంది. మరుసటి సంవత్సరం మార్చిలో కన్నూరు జిల్లా పయ్యన్నూరులో మరొక 12 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చింది. అక్కడ కొండవాలును చదును చేయకుండా, నేల ఎలా ఉంటే అలాగే ఫలకాలు నిలబెట్టడం విశేషం.

మా ఇంటివారికి అన్నిటికంటె నచ్చినది కూరగాయల సంగతి. ఫలకాల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది గనుక వాటిని నీటితో కడుగుతుంటారు. ఆ నీటికి వరుసల మధ్య కలుపు మొలిచి, ఎదిగి, ఫలకాలకు నీడ పడుతుంది. కలుపు తీయించడానికి కూలి ఇచ్చే బదులు అక్కడ గుమ్మడి, బెండ, కాకర, దోస వంటివి వేశారు. కడిగిన నీరే పాదులకు తడి అవుతుంది, కలుపూ అణిగిపోతుంది. కాచిన కాయలు సిబ్బంది కొనుక్కుంటారు. ఒక్క నీటితో రెండు పనులు జరగడం పొదుపు తెలిసిన మన ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈ కృషికి ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018లో ‘ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ అనే అత్యున్నత పురస్కారాన్ని ఇచ్చింది.

నీరు అడిగిన లెక్క

ఆ పురస్కారం వచ్చిన సంవత్సరంలోనే మరొకటి కూడా జరిగింది. 2018 ఆగస్టులో కేరళను ముంచిన వరదలు మన వారందరికీ జ్ఞాపకమే. పెరియార్ పొంగింది. ఇడుక్కి జలాశయపు గేట్లు 26 సంవత్సరాల తరువాత ఎత్తవలసి వచ్చింది. ఆగస్టు 15న విమానాశ్రయం మూతపడింది. రన్‌వే మీద నీళ్ళు, ఫలకాల పొలంలో నీళ్ళు. ప్రహరీ గోడ కిలోమీటర్ల కొద్దీ కూలిపోయింది. తిరిగి 29న గాని విమానాలు దిగలేదు. ఆ రెండు వారాలలో కొంతకాలం కొచ్చిలోని నౌకాదళ స్థావరమే ప్రయాణికులకు ఆధారమయ్యింది.

దీనికి ఆకాశం నుండి పడ్డ వాన ఒక్కటే కారణం కాదని అక్కడివారు చెబుతారు. విమానాశ్రయం నిలిచిన నేల ఒకప్పుడు వరి పొలాలు, చిత్తడి నేలలు. వరిమడి అన్నం పెట్టడమే కాదు, వరద నీటిని ఒడిలో పెట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. రన్‌వే కట్టినప్పుడు చెంగల్ తోడు అనే కాలువకు పాత దారి తెగిపోయింది. ఆ భూముల నుండి 800కు పైగా కుటుంబాలు లేచి వేరొక చోటికి వెళ్ళాయి. వరదల తరువాత కాలువలు బాగుచేయడం, నీటికి క్రొత్త దారులు, వంతెనలు కట్టడం పెద్ద ఎత్తున చేపట్టారు. నీటి దారిని ముందే విడిచిపెట్టి ఉంటే ఆ ఖర్చు ఎంతో తగ్గేది. ఎక్కడ విమానాశ్రయం కట్టినా మొదట గీయవలసిన గీత రన్‌వేది కాదు, వాన నీటి దారిది.

విమానాల సంగతి ఏమిటి?

ఇంకొక మాట కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. సౌరవిద్యుత్తు భవనాలకు సరిపోతుంది గాని, విమానం దానితో ఎగరడం లేదు. ప్రపంచంలో మనుషులు విడుదల చేసే బొగ్గుపులుసు వాయువులో విమానయానం వంతు నూటికి రెండు, రెండున్నర పాళ్ళు. అందులో అధిక భాగం ఇంజనుల నుండే వస్తుంది. విమానాశ్రయపు కట్టడాలది స్వల్ప భాగమే.

అయినా నేల మీద ఉన్నంత సేపు ఆ పొగను తగ్గించే మార్గాలు విమానాశ్రయం చేతిలో ఉన్నాయి. ఆగి ఉన్న విమానంలో దీపాలకూ చల్లగాలికీ తోకలోని చిన్న ఇంజనును నడుపుతారు. దానికి బదులు ప్రయాణికులు ఎక్కే వంతెన దగ్గరే కరెంటు తీగ, చల్లగాలి గొట్టం అందిస్తే ఆ ఇంజను ఆపివేయవచ్చు. రన్‌వే వరకు వెళ్ళడానికి పెద్ద ఇంజనులు రెండూ తిప్పకుండా ఒక్కదానితో నడపవచ్చు, లేదా బండితో లాగించవచ్చు. అటువంటి ‘టాక్సీబాట్’ అనే బండిని ఢిల్లీలో 2019లో ప్రయాణికులున్న విమానానికే వాడారు. సామాను బండ్లు, బస్సులు బ్యాటరీతో నడపవచ్చు. దిగే విమానాన్ని ఆకాశంలో చుట్లు తిప్పకుండా నెమ్మదిగా, ఏకధాటిగా దింపితే ఇంధనమూ మిగులుతుంది, క్రింద ఊళ్ళవారికి చప్పుడూ తగ్గుతుంది.

ఈ దారిలో మిగిలినవారూ నడుస్తున్నారు. ఢిల్లీ విమానాశ్రయం 2022 జూన్ నుండి జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తులతోనే నడుస్తున్నది. మన శంషాబాద్‌లో కూడా 10 మెగావాట్ల సౌర కేంద్రం ఉంది. ఈసారి హైదరాబాదులో విమానం ఎక్కే తల్లిదండ్రులు దానిని గురించి పిల్లలకు చెబితే బాగుంటుంది.

మరి మనకేమిటి పని? ఉంది. రైలు మీద వెళ్ళగలిగిన దూరానికి రైలు ఎక్కవచ్చు. సికింద్రాబాదు నుండి ఆలువకు రాత్రి ప్రయాణంతో చేరవచ్చు, పిల్లలకు నాలుగు రాష్ట్రాల పొలాలు కిటికీలో కనబడతాయి. విమానం తప్పనప్పుడు నడుమ దిగి మారకుండా నేరుగా వెళ్ళేదానిని ఎంచుకుని, సామాను తగ్గించుకోవచ్చు. అన్నిటికంటె దగ్గరి పని మరొకటి ఉంది. మన గుడికీ, బడికీ, ఆసుపత్రికీ విశాలమైన పైకప్పులు ఉన్నాయి. వాటి మీద సంవత్సరంలో ఎక్కువ నెలలు మంచి ఎండ పడుతున్నది. నెడుంబాశేరివారు మొదట పెట్టినది 100 కిలోవాట్లే. సంఘ పెద్దలు వచ్చే కమిటీలో కరెంటు బిల్లు ముందు పెట్టుకుని, మన కప్పుకు ఎన్ని కిలోవాట్లు పడతాయో ఒకసారి లెక్క వేయించాలని మా మనవి.