ముందు దాబా ఎక్కండి

ఇల్లు కొనబోయేవాళ్లు తలెత్తి పైకి చూడటం మానేశారు. చూసినా స్లాబు కనిపించదు. దాని కింద పీవోపీ పూలు, వంపులు, ఆ వంపుల్లో నీలం లైట్లు. కరీంనగర్‌లో ఈమధ్య ఏ పాత ఇల్లు అమ్మకానికి వచ్చినా ఇదే వరస. ముందు గోడకు కొత్త రంగు, కింద మెరిసే టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్. "అంతా కొత్తగ చేయించినం సార్, రేపే కిరాయికిచ్చుకోవచ్చు" అంటాడు మధ్యవర్తి. నాకు ఒళ్లు మండేది అక్కడే. మెట్లెక్కి దాబా మీదికి పోతే పిట్టగోడ మొదట్లో నాచు, పగుల్లోంచి తలెత్తిన రావిమొక్క. వాననీళ్ల గొట్టం ఒక మూలన ఉంటే నీళ్ల వాటం ఇంకో మూలకు ఉంటుంది. లక్షలు ఖర్చు పెట్టినవాడు ఆ వాటం సరిచేయించడానికి ఒక్క సుతారిని పిలవలేదు.

మా దిక్కు నాలుగు పైసలు వెనకేసిన మనిషి మొదట ఇంటి వైపే చూస్తాడు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయి కష్టం చేసొచ్చినవాళ్లు. సింగరేణిలో రిటైరై పీఎఫ్, గ్రాట్యుటీ ఒక్కసారే చేతికందిన గోదావరిఖని, మందమర్రి కార్మికులు. మిడ్ మానేరు కింద ఊరు మునిగి పరిహారం పుచ్చుకున్న కుటుంబాలు. పట్నంలో ఓ పాత ఇల్లు కొని, బాగుచేయించి, రెండు పోర్షన్లు కిరాయికిచ్చి ఆ పైసలతో బతకాలన్నది వాళ్లలో చాలామంది ఆశ. రెండోసారి సంపాదించే వయసు వాళ్లకు లేదు. అందుకే ఈ మాటలు గట్టిగా చెబుతున్నాను.

లెక్కతో మొదలుపెడదాం. 60 లక్షల ఇల్లు కొని, నెలకు 12 వేల కిరాయి వచ్చిందనుకోండి. ఏడాదికి లక్షా 44 వేలు, అంటే పెట్టిన డబ్బు మీద 2.4 శాతం. బ్యాంకు అప్పు మీద వడ్డీ అంతకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, మొత్తం ధర మీద కడితే నాలుగున్నర లక్షలు, అంటే మూడేళ్ల పైచిలుకు కిరాయి మొదటి రోజే పోయినట్టు. ఇంటి పన్ను, రంగులు, ఖాళీగా ఉండే నెలలు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. అప్పు చేసి కొని కిరాయితో కిస్తీ కట్టవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. చేతిలో డబ్బుంటేనే దిగండి. ధరలో పదో వంతైనా మరమ్మతులకు పక్కన పెట్టుకోండి.

ఎక్కడ కొనాలన్నది కిరాయికి ఎవరు వస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. కరీంనగర్ మంకమ్మతోటలో కాలేజీల పిల్లలు, వాళ్లకు వండిపెట్టడానికి పల్లె నుంచి వచ్చిన తల్లులు. బొమ్మకల్, నగునూరు వైపు మెడికల్ కాలేజీల విద్యార్థులు, నర్సులు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మంచిర్యాల, నిర్మల్, పెద్దపల్లిలో సర్కారు ఆఫీసులే కిరాయి భవనాల కోసం వెతుక్కున్నాయి. తర్వాత సొంత కలెక్టరేట్లు కట్టుకుని వెళ్లిపోయాయి. ఒక్క ఆఫీసును నమ్ముకుని కొన్న ఇల్లు ఆ ఆఫీసు కదిలితే ఖాళీ అవుతుంది.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను, కానీ ఇందులో పొరపాటుకు మందు లేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించండి, ఇంటి పన్ను ఎవరి పేరున ఉందో మున్సిపాలిటీలో అడగండి. గోదావరిఖని, బెల్లంపల్లి వైపు చాలా ఇళ్లు సింగరేణి జాగాల్లో లేచినవి. ఆ జాగాలను క్రమబద్ధం చేసే 76 జీవో కింద పట్టా వచ్చిందా లేదా తెలియకుండా బయానా ఇవ్వకండి. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు లాంటి ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కూడా జాగా కొనడానికి వీల్లేదు. నోటరీ కాగితం మీద అమ్ముతామనేవాళ్లు అక్కడ దొరుకుతారు. ఆ కొనుగోలు చెల్లదు. అది ఆదివాసులకు రక్షణగా వచ్చిన చట్టం, దాన్ని తప్పించుకునే దారులు వెతకడం తప్పు కూడా.

ఇక ఇంటిని ఎప్పుడు చూడాలి? వానాకాలంలో. రెండు రోజుల ముసురు తర్వాత వెళ్లండి. 2022 జులైలో గోదావరికి వరదొచ్చినప్పుడు మంచిర్యాలలో రాళ్లవాగు పక్క కాలనీల్లో ఇళ్లు మునిగాయి. ఎండాకాలంలో వాటిని చూసినవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? ఇరుగుపొరుగును అడిగితే నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గరైతే బ్లాస్టింగ్‌కు పడ్డ పగుళ్లు వెతకాలి. దర్వాజ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు కనిపిస్తే ఇంజనీరుకు చూపించందే ముందుకు పోకండి.

బాగుచేయించేటప్పుడు మొదటి రూపాయి కప్పు మీదే పెట్టాలి. రామగుండం, ఆదిలాబాద్ ఎండకు స్లాబు వ్యాకోచిస్తుంది, చలికాలం ముడుచుకుంటుంది, ఆ సందుల్లో వాన దిగుతుంది, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, సిమెంటు పెచ్చులుగా రాలుతుంది. ఆ పెచ్చులు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తే తుప్పు ఆగదు, కనపడటం ఆగుతుంది. దాబా మీద వాటం సరిచేయించి, పిట్టగోడ మొదట్లో గుండ్రంగా పూత పోయించి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. బాత్రూంలో టైల్స్ వేసే ముందు నీళ్లు పోయే రంధ్రం గుడ్డతో మూసి ఒక రాత్రీ పగలూ నీళ్లు నిలిపి, కింది అంతస్తులో చూడండి. కరీంనగర్ కమాన్ వైపు ఇళ్లల్లోలా పాత డంగుసున్నం గోడలుంటే వాటికి సిమెంటు పూయకండి. లోపలి చెమ్మ బయటకు పోయే దారి మూసుకుపోతుంది.

చెమ్మ అంటే నాకు ఇంత కోపం ఉండటానికి కారణముంది. మంకమ్మతోటలో ఒక ఇంట్లో కిరాయికున్నాం. దసరా ముందు తెల్లగా సున్నమేయించి చూపించారు. ఆషాఢం వచ్చేసరికి గోడ బుడిపెలు కట్టి, బీరువా వెనక నాన్న బైండు చేయించుకున్న భారతి పత్రిక సంచికలు అట్టలతో సహా అతుక్కుపోయాయి. ఒక్కో పేజీ విప్పి ఫ్యాను కింద ఆరబెట్టాడు, చాలావరకు దక్కలేదు. ఖాళీ చేసేరోజు ఆ ఇంటాయన, గోడ పాడుచేశామని మా అడ్వాన్సులోంచి రంగుల ఖర్చు కోసుకున్నాడు. ఆయన కప్పు కారి ఆయన గోడ నానితే మేము కట్టాం.

కప్పును ఏటా కనిపెట్టుకోవడం పాతవాళ్లకు తెలుసు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గూనపెంకుటింటికి ఏటా మృగశిరకు ముందు కప్పు తిరగేయించేవాళ్లు. పెంకు దించి, దుమ్ము దులిపి, పగిలినవి తీసేసి, కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిన కొత్తవి కలిపి మళ్లీ కప్పేవారు. ఆ రోజు ఇల్లంతా ఆకాశం కనపడేది. పిల్లలం అర్రలో పడుకుని పైకి చూసేవాళ్లం. తాత కింద నిలబడి "ఆ మూలకు ఇంకో వరుస జరుపుండ్రి" అని చెబుతూనే ఉండేవాడు. ఎంత వాన పడినా ఆ ఇంట్లో గిన్నె పెట్టుకున్న గుర్తు లేదు. తర్వాత కోతులు వచ్చాయి. అడవి తరిగి గుంపులుగా ఊళ్ల మీద పడి పెంకులు పీకి విసిరేశాయి. ఊరంతా రేకులకు, స్లాబుకు మారింది. కప్పు కప్పే పని తెలిసినవాళ్లు భివండీకో, గల్ఫ్‌కో పోయారు. వాళ్లు మళ్లీ రారు.

ఇల్లు బాగయ్యాక ఇక కిరాయి సంగతి. పోర్షన్లు రెండయితే కరెంటు మీటర్లూ రెండుండాలి. ఒకే మీటరు మీద రెండు కాపురాలు నడిస్తే యూనిట్లు 200 దాటి, 2024 మార్చి నుంచి వస్తున్న గృహజ్యోతి సున్నా బిల్లు ఇద్దరికీ పోతుంది. కిరాయిదార్లకు కూడా ఆ పథకం వర్తిస్తుంది. కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టి విడదీయించడం మీ పని. రాతకోతలు 11 నెలలకు చేసుకోవడం వాడుక. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే. కిరాయి ఆదాయం మీద పన్ను లెక్కలో 30 శాతం తగ్గింపు ఉంటుంది కాబట్టి దాచుకోవాల్సిన అవసరం లేదు, రసీదు ఇవ్వండి.

అడ్వాన్సు తీసుకునే రోజే గోడలు, కప్పు ఫోటోలు తీసి ఒక కాపీ కిరాయిదారుకు ఇవ్వండి. వాళ్లు ఖాళీ చేసిన రోజు, సామాను ఆటో ఎక్కకముందే, ఆ డబ్బు లెక్కబెట్టి చేతికివ్వండి.