నాల్గవ మెట్టు

మనుష్యుడు తన దేహములో ఏ యవయవమును గూర్చి తలంపకుండునో ఆ యవయవము ఆరోగ్యముగా నున్నదని చెప్పవచ్చును. నలువదియారేండ్లు నేను నా కుడికాలి చీలమండను గూర్చి తలచి యెరుగను. సంస్కృతమున దానిని గుల్ఫమందురనియు, ఘుటిక యనియు అందురనియు పిల్లలకు చెప్పితిని. కాని అది నన్ను రాత్రింబవళ్లు మోయుచున్నదన్న సంగతి నాకు తట్టలేదు. తట్టునట్లు చేసినది గత సంవత్సరపు ఆషాఢమాసమున కురిసిన యొక చిన్న తుంపర.

మా పాఠశాల మేడకు 22 మెట్లు గలవు. ఆనాటి సాయంకాలము తుదిగంట కొట్టగా, చంకలో వ్యాసపుస్తకముల కట్టయు, చేతిలో గొడుగును బట్టుకొని దిగుచుంటిని. రెండు చేతులకును పనియుండుటచే పక్కనున్న కమ్మిని పట్టుకొనలేదు. క్రిందినుండి నాల్గవ మెట్టుపై పాచి పట్టియున్నది. ఆ సంగతి నేనెరుగుదును. పిల్లలను "చూచి దిగుడు" అని దినదినమును హెచ్చరించువాడను నేనే. ఇతరులకు చెప్పిన హెచ్చరిక మనకు వర్తింపదను భ్రాంతి ఉపాధ్యాయులకు సహజము. కాలు జారినది. ఎండుకొమ్మ విరిచినట్లు ఒక చప్పుడు వినబడినది. చూచుకొనగా పాదము నన్ను విడిచి మరియొక దిక్కునకు బయలుదేరినట్లు పక్కకు తిరిగియుండెను.

పదవ తరగతి బాలురు పరుగెత్తి వచ్చిరి. అందులో స్కౌటు శిక్షణ పొందిన యొకడు కాలిని కదలనీయక, నల్లబల్లపై గీతలు గీయు పొడుగు కొలబద్దలు రెండు తెచ్చి, ఇరుప్రక్కల నుంచి, తువ్వాలుతో కట్టెను. పిమ్మట నన్నొక బెంచీపై పరుండబెట్టి నలుగురు మోసికొనిపోయిరి. 1756లో లండనులో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు గుర్రముపైనుండి పడి కాలు విరుగగొట్టుకొని, తన్నెవ్వరును మోటుగా లేవనెత్తకుండ వారించి, నేలపైననే పడియుండి, ఒక తలుపును కొనిపించి దానిపై ఇంటికి మోయించుకొనెనట. ఆయనకు విరిగినది చీలమండ కాదు కాని, తరువాత ఆయన చీలమండ విరుపును గూర్చియు వ్రాసినందున నేటికిని ఆ విరుపునకు ఆయన పేరు వాడుచున్నారు. ఆ మహాశయునకు తలుపు, నాకు బెంచి. విద్యార్థులు కూర్చుండుటకు తప్ప బెంచికి వేరు ప్రయోజనముండునని నేనంతకుముందు అనుకొనలేదు.

ఎక్స్‌రే చిత్రము చూపి వైద్యుడు నాకు పాఠము చెప్పెను. చీలమండయందు లోపలి గుబ్బ పిక్కలోని పెద్దయెముకకు కొస. వెలుపలి గుబ్బ సన్నయెముకకు కొస. ఈ రెండింటి నడుమ పాదపు యెముక యొకటి, వడ్రంగి రెండు కొయ్యల నడుమ మూడవకొయ్యను బిగించినట్లు, ఇమిడి యుండును. నాకు రెండు గుబ్బలును విరిగి నడిమి యెముక పక్కకు జరిగినది. 1976లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఆ నడిమి యెముక ఒక్క మిల్లీమీటరు వెలుపలికి జరిగినను కీలులో ఎముకలు తాకుకొను వైశాల్యము సగటున నూటికి 42 పాళ్లు తగ్గునని తేలినది. అట్లు తగ్గిన చోటుపై బరువంతయు పడగా కీలు కొలదికాలములోనే అరిగిపోవును. కావున దానిని సరియైన చోట నిలిపి, రేకును మరలును బిగింపవలెనని వైద్యుడు చెప్పెను. వాపు తగ్గి చర్మముపై ముడుతలు కనబడువరకు, తొమ్మిది దినములు, కాలు గుండెకంటె ఎత్తున నుంచుకొని పడియుంటిని. తరువాత నడుమునకు సూదిమందిచ్చి శస్త్రచికిత్స చేసిరి.

ఆ తొమ్మిది దినములలో నన్ను చూడవచ్చిన బంధువులు మూడు తెగలవారు. మొదటివారు ఏల్నాటి శని యనిరి. నా గ్రహములన్నిటిలో బలవత్తరమైనది నాల్గవ మెట్టుమీది పాచియని నేను మనవి చేసితిని, వారు సంతోషింపలేదు. రెండవవారు పుత్తూరు కట్టు కట్టించుమనిరి. మూడవవారు, "సంస్కృతము చదివినవాడవు, సుశ్రుతుని విడిచి కత్తికి కాలప్పగింతువా?" అని నిందించిరి. ఈ తుదిమాట నన్ను నొప్పించినది. పక్కపై నుండియే సుశ్రుతసంహిత తెప్పించి మరల చదివితిని.

చదువగా, నా యెముకల విషయమున ఆ ఋషికిని మా వైద్యునికిని నేననుకొన్నంత వైరము లేదని తెలిసినది. ఎముకలు విరుగుట 12 విధములనియు, కీళ్లు తొలగుట 6 విధములనియు ఆయన విభజించెను. ఇప్ప, మేడి, రావి, మోదుగ మొదలగు చెట్ల పట్టలను, వెదురును కట్టుబద్దలుగా వాడుమనెను. కట్టు వదులైనచో సంధి నిలువదు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు కలుగును, కావున మధ్యస్థముగా కట్టుమని చెప్పెను. చలికాలమున 7 దినముల కొకసారి, సాధారణకాలమున 5 దినముల కొకసారి, వేసవిని 3 దినముల కొకసారి కట్టు మార్చుమనెను. కాలు విరిగినవానిని తలుపుచెక్కవంటి బల్లపై పరుండబెట్టి, కదలకుండ మేకులు నాటుమనెను. పాట్ దొరగారి తలుపునకు ఇది పూర్వరంగము! బాల్యవయస్సున ఒక మాసమునకు, నడివయస్సున రెండు మాసములకు, వృద్ధాప్యమున మూడు మాసములకు సంధి గట్టిపడునని లెక్క చెప్పెను. నాకు ఆరువారములు పాదము నేల మోపరాదనియు, తరువాత కొంచెము కొంచెముగా మోపవలెననియు మా వైద్యుడు చెప్పిన లెక్క దీనికి మిక్కిలి దూరము కాదు. శవమును నీట నానబెట్టి, పొరపొరయు తొలగించి కంటితో చూచి నేర్చుకొనుమని శిష్యులకు బోధించినవాడు సుశ్రుతుడు. అట్టివాడు 1895లో రాంట్‌జన్ కనుగొనిన కిరణములు తనకాలమున లభించియుండిన వలదనునా? పూర్వులు చూచిన దానిని వల్లించుటకంటె, పూర్వులు చూచినట్లు చూచుట వారియెడల అధికమైన భక్తియని నాకు తోచినది. బంధువులకు ఈ మాటయే చెప్పితిని. వారిలో ఒకరు ఒప్పుకొనిరి. తక్కినవారు కాఫీ త్రాగి వెడలిపోయిరి.

ఇంతవరకు చెప్పినది ఎముక కథ. అసలు కథ ఇంటికి వచ్చిన పిదప మొదలైనది.

మా యింట మరుగుదొడ్డి పెరటిలో నున్నది. నా గదినుండి అచ్చటికి మూడు గడపలు, రెండు మెట్లు. ఇరువదియేండ్లుగా నేనాయింట నుంటిని. గడపలెన్నియని ఒక్కనాడైన లెక్కింపలేదు. ఇప్పుడు నాలుగుకాళ్ల వాకరుతో, ఒంటికాలిపై గెంతుచు, ఒక్కొక్క గడపకును నిలిచి ఊపిరి పీల్చుకొనవలసివచ్చెను. రాత్రివేళ నా భార్య నిద్రలేచి, దీపము వేసి, వెనుకనుండి నడుము పట్టుకొని నడిపించుచుండెను. పగలంతయు ఇంటిపనియు, ముసలిదైన మా తల్లి పనియు, దానిపైన నా పనియు చేసి ఆమె పదిగంటలకు నడుము వాల్చును. అట్టియామెను రెండుసార్లు లేపుటకు నాకు నోరు రాలేదు. అభిమానమనుడు, దయయనుడు, రెండును కలిసియుండెను. నేనొక యుపాయము కనిపెట్టితిని. సాయంకాలము ఐదుగంటల తరువాత నీరు త్రాగుట మానివేసితిని.

నాల్గు దినములు గడచినవి. నాలుక పిడచగట్టెను, తల తిరుగుచుండెను; మందుల వేడియని సరిపెట్టుకొంటిని. ఐదవనాటి యుదయమున ఆమె నా మంచము ప్రక్కనున్న చెంబు నెత్తి చూచి,

"రాత్రి పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉన్నాయి. నన్ను లేపాల్సి వస్తుందని తాగటం మానేశారా ఏమండీ?" అనెను.

నేను బదులు చెప్పలేదు. ఆమె చెంబు నా చేతికిచ్చి, నేను త్రాగువరకు అక్కడనే నిలిచెను.

ఆ నిండుచెంబును చేత బట్టుకొనియున్నప్పుడు నా కన్నుల యెదుట మరియొక పాత్ర నిలిచినది. అది ఒక నీలిరంగు ప్లాస్టిక్ సీసా.

మా పాఠశాలలో పదవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. చిన్నతనమున బండి ప్రమాదమున ఎడమకాలు దెబ్బతిని కర్రతో నడచును. తొమ్మిదవ తరగతియు మేడపైననే, పదవ తరగతియు మేడపైననే. ఆమె అందరికంటె ముందుగా వచ్చి, కమ్మి పట్టుకొని 22 మెట్లును ఎక్కి కూర్చుండినచో సాయంకాలము వరకు దిగదు. మరుగుదొడ్లును కుళాయిలును క్రింద నున్నవి. ఆమె బల్లపై నీలిసీసా ఉదయమెంత నిండియుండునో సాయంకాలమును అంతయే నిండియుండుటను నేను ఏడాదిపాటు చూచితిని. చూచి యేమి చేసితిని? తరగతియందు ఆమెను లేచి నిలువబెట్టి, "చూడుడు, విరామసమయమున గూడ పుస్తకము విడువని ఈ దీక్షను" అని మెచ్చుకొంటిని! పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆమె తలవంచుకొనెను. అది వినయమనుకొంటిని.

ఇంకొక సంగతియు దాచరాదు. అంతకు ముందటి సంవత్సరము ఆమె తండ్రి నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, మా పిల్ల తరగతి కింద పెట్టించగలరా?" అని యడిగెను. గదుల యేర్పాటు మార్చుట కష్టమనియు, ఓర్పు వహింపవలెననియు చెప్పి, ధైర్యమును గూర్చిన శ్లోకమొకటి తాత్పర్యసహితముగా వినిపించి పంపితిని. ఆయన నమస్కరించి వెళ్లెను. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. గుర్తింపు గల విద్యాసంస్థలు తమ భవనములను అట్టి పిల్లలకు అందుబాటుగా నుంచవలెనని అందు కలదు. చట్టము తెలియక కాదు, మెట్లు తెలియక అట్లు చెప్పితిని.

ఆ దినముననే కాలు దిండ్లపై నుంచుకొని ప్రధానోపాధ్యాయునికి ఉత్తరము వ్రాసితిని. వాలుదారి కట్టించుటకు ధనము కావలెను, అనుమతులు కావలెను. అవి వచ్చునప్పుడు వచ్చును. రెండు గదులు మార్చుకొనుటకు ఏమి కావలెను? ఏడవ తరగతిని పైకిని, పదవ తరగతిని క్రిందికిని మార్చుమని ప్రార్థించితిని. ఆయన బదులు వ్రాసిన అభ్యంతరములను చదివి నాకు నవ్వు వచ్చినది. అవన్నియు నేను ఆ తండ్రికి చెప్పినవే. నా వాదములే గనుక వాటి బలహీనతలు నాకు బాగుగా తెలియును. ఒక్కొక్కదానికి సమాధానము వ్రాసితిని. పది దినములలో గదులు మారినవి. మరుగుదొడ్డి ముందరి గట్టుకు ఇటుకలతో చిన్న వాలును కట్టించిరట.

ఆరువారముల పిమ్మట పాదము నేల మోపుటకు అనుమతి లభించెను. పిక్క ఎండి కర్రవలె నైనది. మడమ మోపగానే అరికాలిలో సూదులు గ్రుచ్చినట్లుండెను. వ్యాయామము నేర్పుటకు వచ్చిన యువతి, బొటనవ్రేలు కలముగా నెంచి గాలిలో అక్షరములు వ్రాయుడనెను. నేను అ, ఆ మొదలుపెట్టగా మా తల్లి చెవులు మూసికొని, "సరస్వతిని కాలితో రాస్తావట్రా! కావాలంటే ఇంగ్లీషు రాసుకో" అనెను. ఇంగ్లీషునకు మాత్రము సరస్వతి లేదా యని వాదింపదలచితిని. కాని ఎనుబదియేండ్ల తల్లితో వాదించుటకు ఒంటికాలు చాలదు. దినమునకు మూడుమారులు ఇరువదియారక్షరములును వ్రాసితిని. కొన్నాళ్లకు ఆమెయే ప్రక్కన కూర్చుండి, "ఇవాళ జెడ్ దాకా రాలేదు" అని తప్పు పట్టసాగెను.

మూడు మాసముల తరువాత చేతికర్రతో పాఠశాలకు వెళ్లితిని. పదవ తరగతి క్రిందిగదిలో నుండెను. నేను గుమ్మము దాటగానే ఆ బాలిక నన్ను పరికించి చూచి, మెల్లగా లేచి,

"మాస్టారూ, కర్ర కుడిచేతిలో కాదండీ. దెబ్బతగిలిన కాలికి ఎదురుచేతిలో పట్టుకోవాలి. అదీకాక మీ కర్ర పొడుగు. చెయ్యి కిందికి వదిలితే మణికట్టు దగ్గరికి రావాలి" అనెను.

నేను కర్రను ఎడమచేతికి మార్చుకొని నాలుగడుగులు వేసితిని. నొప్పి తగ్గెను. మెట్లెక్కునప్పుడు బాగున్న కాలు ముందు, దిగునప్పుడు దెబ్బతగిలిన కాలు ముందు వేయవలెనని గూడ ఆమెయే నేర్పెను. గదులు మారుటను గూర్చి ఆమె నాకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పకుండుటయే న్యాయము. ఏడాది ఆలస్యముగా ఇచ్చిన అప్పునకు కృతజ్ఞత యేమి? "తప్పు చేసితినమ్మా" అని నేనే చెప్పవలసియుండెను. తరగతి ముందర చెప్పితిని. తరగతి ముందరనే కదా ఆమెను మెచ్చుకొంటిని. ఆమె ఈసారి తల వంచుకొనలేదు.

ఇప్పుడు నేను కర్ర లేకయే నడచుచున్నాను. సాయంకాలమునకు చీలమండ కొంచెము వాచును. చలిదినములలో లోపలి లోహము తన యునికిని తెలుపును. నాల్గవ మెట్టుమీది పాచిని గీకించితిని. ఇంట మూడు గడపలలో రెండింటిని తీయించితిని. మూడవది మా తల్లి తీయనీయలేదు. రాత్రి చెంబులో నీళ్లు మా యిల్లాలికిని ఒకటి పెట్టుచున్నాను, అది నేనే నింపుచున్నాను.

చదువరులారా, మీలో అనేకులు గృహయజమానులు, కొందరు నావలె ఉపాధ్యాయులు. మీ యింటనో బడిలోనో ఎవరైన మిక్కిలి యోర్పుగలవారని మీరు మెచ్చుకొనుచున్నయెడల, మెచ్చుకొనుటకు ముందు వారి నీటిపాత్రను ఒకసారి యెత్తి చూడుడు.

నేను మరల బడికి పోయిన ఆ దినమున మధ్యాహ్నపు గంట కొట్టినప్పుడు, ఆ బాలిక ఖాళీయైన నీలిసీసాను చేత బట్టుకొని, నింపుకొనుటకు కుళాయి వద్దకు నడచిపోయెను.