కత్తెర మాస్టర్‌ది, సూది ఆమెది

పెళ్లిళ్ల సీజన్ కదా, మగ్గం వర్క్ జాకెట్ల మీద రాసుకు రమ్మని ఎడిటర్ పంపారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, ఓ సందులో మొదటి అంతస్తులో ఉన్న టైలరింగ్ షాపు మెట్లెక్కాను. మగ్గం దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. తలుపు పక్కన చాప మీద కూర్చుని హెమ్మింగ్ చేస్తున్న ఆమె చేతుల దగ్గరే ఉండిపోయాను.

ఎడమ బొటనవేలితో అంచు మడిచి అదిమి పడుతుంది. సూది పైబట్టలో ఒక్క పోగునే పట్టుకుని వస్తుంది. తిరగేసి చూస్తే కుట్టు జాడే కనపడదు. ముడి వేసి దారాన్ని పళ్లతో కొరుకుతుంది. కత్తెర ఎక్కడుందా అని చూశాను. మాస్టర్ బల్ల మీద ఉంది.

ఆ షాపులో కటింగ్, మిషన్, మగ్గం అన్నీ మగవాళ్లవే. హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, చీరల ఫాల్ ఆడవాళ్లవి. వాళ్లకు నెల జీతం, వీళ్లకు ముక్క లెక్క.

"నాకు కటింగ్ రాదనుకుంటున్నరా అక్కా?" అంది గొంతు తగ్గించి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి పెళ్లిళ్లు ఆగిపోయాయి. మాస్టర్ ఊరికి పోయాడు. ఆమె ఎల్‌బీ నగర్‌లోని అద్దె గదిలో పాత మిషన్ ముందేసుకుని మాస్కులు కుట్టింది. తర్వాత వాడకట్టు ఆడవాళ్ల జాకెట్లకు కొలతలు తీసుకుని, తనే కత్తిరించి కుట్టింది. "ఒక్కటి గూడ వాపస్ రాలె." షాపు తెరిచాక మాస్టర్ తిరిగొచ్చాడు. ఆమె చేతికి మళ్లీ సూదే ఇచ్చారు.

నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు. ఒకే పనికి, లేదా ఆ తరహా పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌దీ అదే మాట. పనినే రెండుగా చీల్చిన చోట ఆ చట్టం దేన్ని దేనితో పోల్చాలి? కూలీల అడ్డా మీదా ఇదే వరస. తాపీ మేస్త్రీది, ఇసుక తట్ట ఆడకూలీది. ఇరవై ఏళ్లు గోడల పక్కనే నిలబడి పని చూసినా ఆమె చేతికి తాపీ ఇచ్చేవాడు ఉండడు. నేర్చుకున్నది కూడా లెక్కలోకి రాదు, పేరు మాత్రం హెల్పర్.

లేవబోతుంటే ఆగమని నా జాకెట్ భుజం సవరించింది. "ఎవరు కట్ చేసిన్రు? అరంగుళం ఎక్కువ పోయింది." సుద్ద మాస్టర్ దగ్గరుంది. ఎక్కడ కోయాలో గోటితో గీసి చూపించింది.