కాచినా పోని విషం

ఒహైయోలోని టొలీడోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు మామీ నది ఒడ్డుకి వెళ్లేవాళ్లం. సెప్టెంబరు. నీళ్లు తోటకూర రుబ్బి కలిపినట్టున్నాయి.

"మన చెరువుల్లో నాచే కదా" అన్నాను. అల్లుడు నవ్వలేదు.

"2014 ఆగస్టులో ఊళ్లో కుళాయి నీళ్లు తాగనివ్వలేదత్తయ్యా, దీనివల్లే."

ఈ నది కలిసే ఈరీ సరస్సు నుంచే ఊరికి మంచినీళ్లు. నాచు విషం కుళాయిల దాకా వచ్చేసరికి దాదాపు 5 లక్షల మందికి మూడు రోజులు కటకట. కాచి తాగుదామంటే, మరిగేకొద్దీ విషం ఇంకా చిక్కబడుతుందట! హోటళ్లు మూసేశారు. బాటిళ్ల కోసం జనం పక్క ఊళ్లకి కార్లేసుకుని పరిగెత్తారట.

నాచుకి మేత ఎగువ నుంచి వస్తుంది. మొక్కజొన్న, సోయా చేలల్లో వేసిన ఎరువులోని భాస్వరం వానలకి నదిలోకి కొట్టుకొస్తుంది. రైతు ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ముందు గుర్తొచ్చింది నాన్న అప్పు చేసి తెచ్చే డీఏపీ బస్తా. అక్కడ రైతు డబ్బు ఏట్లో పిసికిన చింతపండు. ఇక్కడ ఆ నీళ్లు శుభ్రం చేయడానికి బొగ్గుపొడి, ఓజోను... ఆ ఖర్చు నీటి బిల్లులో ఊరివాళ్లదే.

గరాజులో నీళ్ల బాటిళ్ల పెట్టెలెందుకని వచ్చిన రోజే అమ్మాయి మీద విసుక్కున్నాను. మర్నాడు దుకాణంలో ఇంకో పెట్టె నేనే బండిలో పెట్టాను.