సగం పతా

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఒక జబాన్ నుంచి ఇంకో జబాన్‌లోకి పోయేటప్పుడు మన పేర్లు ఎట్లా ఖరాబవుతాయో బాగా తెలుసు. గఫూర్ సాబ్ ఒక కాగితంలో గఫూర్, ఇంకో కాగితంలో గపూర్. ఆ ఒక్క అక్షరం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడు.

ఈ తక్లీఫ్ చూసే మా మర్హూమ్ భాయిజాన్ సీ లాంగ్వేజీలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఉర్దూలో పేరిస్తే తెలుగులో సరిగ్గా రాసిస్తుంది. ఆయన ఇంతెఖాల్ తర్వాత మాకు మిగిలిన అమానత్ అది.

కంప్యూటర్లు చదువుతున్న నా బేటీ దాన్ని పైథాన్‌తో కలపాలనుకుంది. ఈ రెండు భాషల మధ్య తర్జుమాన్ పని చేసే లైబ్రరీ సీటైప్స్. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి పైథాన్‌తో పాటే వస్తోంది. కలిపి, ఒక పేరు ఇచ్చింది. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఒక్క లైను. ప్రోగ్రామ్ ఖతమ్.

"పాత కోడ్ కదా, అందులోనే ఏదో ఖరాబీ ఉంటుంది. కొత్తగా రాసుకో బేటా" అన్నారు ఇంట్లో అందరూ. ఆ మాట నాకు గుచ్చుకుంది. జవాబు చెప్పుకోడానికి లేని మనిషి మీద ఇల్జామ్ వేయడం ఎంత ఆసాన్!

"ముందు బడే అబ్బా కోడ్‌ని విడిగా నడిపి చూస్తా అబ్బా" అంది బేటీ. పైథాన్ లేకుండా, సీలోనే నడిపింది. పేర్లన్నీ సరిగ్గా వచ్చాయి. తర్వాత పైథాన్‌లోని ఫాల్ట్‌హ్యాండ్లర్ ఆన్ చేసింది. ప్రోగ్రామ్ ఏ లైన్లో కూలిందో అది చూపిస్తుంది. కూలింది భాయిజాన్ ఫంక్షన్‌లో కాదు. అది పని పూర్తిచేసి జవాబిచ్చాక, ఆ జవాబును పైథాన్ చదవబోయిన చోట!

ఆయన ఫంక్షన్ పేరును నేరుగా చేతికివ్వదు. మెమరీలో అది ఎక్కడుందో పతా ఇస్తుంది. వచ్చేది ఏమిటో మనం చెప్పకపోతే సీటైప్స్ దాన్ని మామూలు అంకె, అంటే ఇంట్, అనుకుంటుంది. ఇంట్‌కు 4 బైట్లు. 64 బిట్ కంప్యూటర్లో పతాకు 8 బైట్లు. సగం పతా దారిలోనే రాలిపోయింది. సగం అడ్రస్ పట్టుకుని పోయిన ఖాసిద్ ఎవరి ఇంటి తలుపు కొడతాడు? 32 బిట్ రోజుల్లో రెండూ 4 బైట్లే కాబట్టి ఈ లోపం బయటపడేది కాదు.

ఇలాజ్ రెండు లైన్లు. ఆర్గ్‌టైప్స్‌లో ఇచ్చేదేమిటో, రెస్‌టైప్‌లో వచ్చేదేమిటో సాఫ్‌గా చెప్పడం. పంపే పేరును యూటీఎఫ్-8 బైట్లుగా మార్చడం ఆమె మొదటే చేసింది. ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు అక్షరానికి 3. అక్షరాలు లెక్కపెట్టి జాగా ఇస్తే చాలదు.

రెస్‌టైప్‌కు సీ_చార్_పీ రాస్తే పైథాన్ నకలు తీసుకుని అసలు పతాను వదిలేస్తుంది. అప్పుడు ఆ మెమరీని వాపస్ ఇవ్వలేం. అందుకే సీ_వాయిడ్_పీ రాసి, స్ట్రింగ్_ఎట్‌తో చదువుకుని, మెమరీని తిరిగి అప్పజెప్పింది. అప్పజెప్పడానికి భాయిజాన్ విడిగా ఒక ఫంక్షన్ రాసిపెట్టి పోయారు. తీసుకున్నది తిరిగివ్వాలనే ఆదత్ ఆయనకు కోడ్‌లోనూ ఉంది.

మీ పిల్లలు కూడా ఇట్లాంటి పని చేస్తుంటే ఒక్క మాట చెప్పండి. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే, ముందు తర్జుమాన్‌కు మనం ఏం చెప్పామో చూసుకోవాలి. భాయిజాన్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చాల్సిన జరూరత్ రాలేదు.