కరవది గిత్త

మా తాతయ్య పొలం నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ముందు ఎడ్ల గంగడోలు నిమిరేవాడు. అవి మెడ చాచి కళ్లు మూసుకునేవి. రాత్రి బ్రెజిల్ పశుపోషకుడు తోర్రెస్ ఓమెం రోడ్రిగెస్ ద కున్యా గురించి చదువుతుంటే ఆ చెయ్యే గుర్తొచ్చింది.

1962లో మన ఒంగోలు గిత్తల కోసం అంత దూరం నుంచి వచ్చారాయన. కొన్నవాటిని ఓడెక్కించి, ఫెర్నాండో ద నొరొన్యా దీవిలో క్వారంటైన్ అయ్యాకే ఇంటికి తోలుకెళ్లారు. వాటిలో ఒక గిత్త పేరు కరవది. అవును, మన ఒంగోలు పక్కనున్న కరవదే! ఆయన మందకు వేసే ‘వీఆర్’ ముద్రేమో వాళ్ల నాన్న విసెంటె రోడ్రిగెస్ పేరు. తండ్రి పేరు పశువు ఒంటి మీద, మన ఊరి పేరు దాని వంశంలో.

ఈ జాతిని అక్కడ నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఇదే. వంశావళుల్లో గోదావరి, ఆకాశము అన్న పేర్లు కూడా కనిపించేసరికి గొంతు పూడుకుపోయింది.

మా వీధిలో ఇప్పుడు ఒక్క ఎడ్ల జత లేదు. తాతయ్య గాడి ఉన్నచోట ట్రాక్టర్ నిలబెడుతున్నాం.