జింక కొమ్ముల జట్టు.. ఉక్కు ఊరి పట్టు!

ఊరి జనాభా 70 వేలు దాటదు. ఊళ్లోని స్టేడియంలో సీట్లు మాత్రం 40 వేలు! ఒకవైపు పసిఫిక్ సముద్రం, మరోవైపు సరస్సు, మధ్యలో ఉక్కు ఫ్యాక్టరీ, దేవదారు చెట్ల నడుమ ఓ పాత గుడి. జపాన్ ఫుట్‌బాల్‌లో అందరికన్నా ఎక్కువ కప్పులు గెలిచిన జట్టు టోక్యోలోనో ఒసాకాలోనో లేదు. ఈ చిన్న ఊళ్లో ఉంది. పేరు కషిమా యాంట్లర్స్.

టోక్యో రైల్వేస్టేషన్ దగ్గర బస్సెక్కితే రెండు గంటల ప్రయాణం. ఆకాశాన్నంటే భవనాలు మెల్లగా వెనకబడి వరిచేలు, చెరువుల్లాంటి సరస్సులు, విశాలమైన నది కనిపిస్తాయి. ఆ నీళ్లన్నీ దాటాక వస్తుంది కషిమా. రైల్లోనూ వెళ్లొచ్చు. అక్కడో తమాషా ఉంది. 'కషిమా సాకర్ స్టేడియం' పేరుతో ఉన్న స్టేషన్లో ప్రయాణికుల రైళ్లు ఆగేది మ్యాచ్ ఉన్న రోజుల్లోనే. మిగతా రోజుల్లో ఆ ప్లాట్‌ఫామ్ మీద మనిషన్నవాడు కనపడడు. మ్యాచ్ రోజున మాత్రం జాతరే. ముదురు ఎరుపు చొక్కాలు తొడుక్కున్న తాతలు, మనవలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు.. అందరి అడుగులూ ఒకే దిక్కుకి.

స్టేడియం చేరకముందే ముక్కుపుటాలు అదిరే వాసన. మాంసం కాలుతున్న పొగ, పక్కనే పెద్ద గిన్నెల్లో కుతకుత ఉడికే 'మోత్సుని'. మన బోటీ కూరకి జపాన్ చుట్టం అనుకోవచ్చు. కారానికి బదులు సోయా ముద్ద వేస్తారు, అంతే తేడా. సముద్రం మీంచి చలిగాలి కొడుతుంటే వేడివేడి గిన్నె చేత్తో పట్టుకుని మ్యాచ్ చూడటం అక్కడివాళ్లకి ఓ ముచ్చట.

జింకమీద వెళ్లిన దేవుడు

కషిమాకి ఫుట్‌బాల్ నిన్న మొన్నటిది. అంతకుముందు ఆ ఊరికి పేరు తెచ్చింది కషిమా జింగూ ఆలయం. జపాన్‌లోని అతి పురాతన ఆలయాల్లో ఇదొకటి. ఇక్కడి దైవం తకెమికజుచి. ఉరుములకీ ఖడ్గానికీ అధిపతి. అందుకే కత్తిసాము నేర్చేవాళ్లు, యుద్ధవిద్యల గురువులు నేటికీ ఇక్కడికొచ్చి మొక్కుతారు. ఆ స్వామి తెల్లజింక నెక్కి ఇక్కణ్నుంచి నారా నగరానికి వెళ్లాడని ఐతిహ్యం. నారాలో వీధుల్లో తిరిగే జింకల్ని పవిత్రంగా చూడటానికి కారణం అదే. కషిమా అన్న పేరు రాసే అక్షరాలకి అర్థం కూడా 'జింకల దీవి'.

ఫుట్‌బాల్ జట్టుకి పేరు వెతికినప్పుడు దూరం పోనక్కర్లేకపోయింది. జింక తలమీద కొమ్ముల్ని ఇంగ్లిషులో యాంట్లర్స్ అంటారు. అదే జట్టు పేరైంది. షికావో అనే జింక బొమ్మ, దాని భార్య, పిల్లాడు.. ఈ కుటుంబమే మ్యాచ్ రోజుల్లో పిల్లలకి షేక్‌హ్యాండ్‌లిచ్చే మస్కట్లు.

గుడి వెనక అడవిలో మరో వింత ఉంది. నేలలోంచి కాస్త తల బయటపెట్టిన చిన్న రాయి. మన పురాణాల్లో భూమిని ఆదిశేషుడు మోస్తాడు. జపాన్ వాళ్ల నమ్మకంలో భూమి కింద ఓ రాక్షస చేప ఉంటుంది. అది తోక ఆడిస్తే భూకంపం. దాని తల మీద దేవుడు దిగ్గొట్టిన మేకే ఈ రాయట! పైకి కనిపించేది జానెడే అయినా ఎంత తవ్వినా అడుగు తగలదని చెబుతారు.

ఇసుక దిబ్బల మీద ఉక్కు

1960ల దాకా ఈ తీరమంతా ఇసుక దిబ్బలు, చేపల వేట, చిన్నచిన్న కమతాలు. ఆ దశాబ్దంలో ప్రభుత్వం ఇసుకని తవ్వి సముద్రాన్నే లోపలికి తెచ్చి రేవు కట్టింది. రేవు పక్కన సుమితోమో మెటల్ కంపెనీ ఉక్కు ఫ్యాక్టరీ లేచింది. ఎక్కడెక్కడి నుంచో కార్మికులొచ్చారు. 1947లో ఒసాకాలో పుట్టిన ఆ కంపెనీ ఫుట్‌బాల్ జట్టు కూడా 1975లో ఇక్కడికి మారింది.

అప్పటికి జపాన్‌లో ఫుట్‌బాల్ అంటే కంపెనీల ఆటే. 1964 టోక్యో ఒలింపిక్స్ కోసం జర్మనీ నుంచి వచ్చిన కోచ్ డెట్‌మార్ క్రామర్ సలహాతో 1965లో జాతీయ లీగ్ మొదలైంది. ఆడేవాళ్లంతా ఉద్యోగులు. పగలు ఆఫీసులో ఫైళ్లు, తర్వాత మైదానంలో ప్రాక్టీసు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్ కాంస్యం గెలిచింది. 7 గోల్స్‌తో కమమోతో కునిషిగె ఆ పోటీల్లో టాప్ స్కోరర్. ఆ వెలుగు ఎక్కువకాలం నిలవలేదు. దేశమంతా బేస్‌బాల్ వెంట పడింది. ఫుట్‌బాల్ స్టేడియాలు బోసిపోయాయి.

మనవాళ్లకి ఇక్కడో జ్ఞాపకం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇదే జపాన్‌ని 2-0తో ఓడించి, ఆ తర్వాత స్వర్ణం కూడా గెలిచింది. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పుడు వెనక ఉన్న జపాన్ ఇప్పుడు ఎక్కడుంది, మనమెక్కడున్నాం అన్న ప్రశ్నకి జవాబు కొంత కషిమాలో దొరుకుతుంది.

99.9999 శాతం కుదరదు!

1991లో జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌కి పునాది పడింది. పేరు జె-లీగ్. దాన్ని నడిపించిన కవాబుచి సబురో ఓ షరతు పెట్టారు. జట్టుకి కంపెనీ పేరు ఉండకూడదు, ఊరి పేరు ఉండాలి. ఊరితో కలిసి బతకాలి. పెద్ద కంపెనీలకి మింగుడుపడని మాట అది. డబ్బు మాదైతే పేరు ఊరిదా అని గొణిగారు. ఆయన పట్టు విడవలేదు.

కషిమా కూడా దరఖాస్తు పెట్టింది. జట్టు చూస్తే రెండో డివిజన్‌ది. ఊరి జనాభా అప్పటికి 45 వేలు. ఊరి పెద్దల బాధ వేరు. ఫ్యాక్టరీలో ఉద్యోగాలున్నా సాయంత్రమైతే యువతకి వినోదం లేదు. చదువుకున్న పిల్లలు టోక్యో దారి పడుతున్నారు. ఊరికంటూ ఓ ఆకర్షణ కావాలి. కవాబుచి మాత్రం మీకు 99.9999 శాతం అవకాశం లేదని మొహం మీదే చెప్పారు. మరీ కాదనలేక, పైకప్పుతో 15 వేల మంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం కడితే చూద్దామన్నారట. జపాన్‌లో అలాంటిది అప్పటికి ఒక్కటీ లేదు. ఆ మాటతో వెనక్కి తగ్గుతారనుకున్నారాయన.

తగ్గలేదు. కడతామన్నారు! ఇబరాకి రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. మిగిలిన ఆ 0.0001 శాతం అవకాశమే చాలని దూకిన ఊరికి మొదటి పది జట్లలో చోటు దక్కింది. 1993 నాటికి స్టేడియం సిద్ధమైంది.

ఉక్కు ఊరికి 'తెల్ల పీలే'

స్టేడియం సరే, ఆట సంగతేంటి? 1991లో ఓ కబురు బ్రెజిల్‌ని ఆశ్చర్యపరిచింది. జీకో కషిమాకి వెళ్తున్నాడు! బ్రెజిల్ అభిమానులు 'తెల్ల పీలే' అని పిలుచుకునే ఆటగాడు. అప్పటికే రిటైరై దేశ క్రీడాశాఖ బాధ్యతలు కూడా చూశాడు. 38 ఏళ్ల వయసులో, జపాన్ రెండో డివిజన్లో, ఎవరికీ తెలియని ఊరికి వచ్చాడు. ఆ సీజన్లోనే 21 గోల్స్ కొట్టి డివిజన్ టాప్ స్కోరర్ అయ్యాడు.

గోల్స్ కన్నా అతను నేర్పిన క్రమశిక్షణ గొప్పది. ఆట ఉద్యోగం తర్వాత చేసే పని కాదు, అదే ఉద్యోగం అని అలవాటు చేశాడు. అంకితభావం, నిజాయతీ, గౌరవం.. ఈ మూడు మాటల్ని కషిమాలో 'జీకో స్ఫూర్తి' అంటారు.

1993 మే 15న టోక్యోలో 59 వేలమంది ముందు జె-లీగ్ ఆరంభమైంది. మర్నాడు కషిమా వంతు. ఎదురుగా నగోయా జట్టు, అందులో ఇంగ్లండ్ స్టార్ గ్యారీ లినేకర్. ఊరు ఊరంతా స్టేడియంలో ఉంది. ఫలితం 5-0! నలభయ్యో ఏట నడుస్తున్న జీకో మూడు గోల్స్ కొట్టాడు. మిగతా రెండూ మరో బ్రెజిల్ ఆటగాడు అల్సిందోవి. ఎందుకూ పనికిరాదనుకున్న జట్టు ఆ ఏడాది మొదటి దశ విజేతగా నిలిచింది.

జీకో దేవుడేం కాదు, కోపమున్న మనిషే. 1994 జనవరిలో జరిగిన ఛాంపియన్‌షిప్ పోరులో ప్రత్యర్థికి పెనాల్టీ ఇచ్చారన్న ఆగ్రహంతో బంతి మీద ఉమ్మేసి మైదానం నుంచి బహిష్కరణకి గురయ్యాడు. కప్పూ చేజారింది. అయినా అతని మీద ఊరి ప్రేమ తగ్గలేదు. స్టేడియం దగ్గర ఇప్పటికీ విగ్రహమై నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత జపాన్ జాతీయ జట్టుకీ, మనదేశంలో ఎఫ్‌సీ గోవాకీ కోచ్‌గా పనిచేసిన జీకో ఇతనే.

కప్పులే కప్పులు

1996లో తొలిసారి లీగ్ గెలిచాక కషిమా వెనుదిరిగి చూడలేదు. 1998, 2000, 2001ల్లోనూ ఛాంపియనే. 2000లో లీగ్, లీగ్ కప్, చక్రవర్తి కప్.. మూడూ ఒకే ఏడాది గెలిచింది. జపాన్‌లో అంతకుముందు ఎవరికీ సాధ్యంకాని పని. 2007 నుంచి 2009 దాకా వరసగా మూడుసార్లు లీగ్ గెలవడమూ రికార్డే. 2002 ప్రపంచకప్ కోసం స్టేడియాన్ని 40 వేల సీట్లకి పెంచారు. అర్జెంటీనా, జర్మనీ, ఇటలీ ఈ పచ్చిక మీదే ఆడాయి.

ఊరి జట్టు అన్న మాటకి విలువెంతో 1998లో తెలిసొచ్చింది. కషిమాలో కాదు, యొకొహామాలో. డబ్బు పెట్టే కంపెనీలు ఇబ్బందుల్లో పడటంతో అక్కడి ఫ్లూగెల్స్ జట్టుని పక్క జట్టులో కలిపేస్తున్నట్టు ప్రకటించారు. అభిమానులు వీధుల్లోకొచ్చారు. ఆటగాళ్లు మాత్రం చక్రవర్తి కప్‌లో ఒక్కో మ్యాచ్ గెలుస్తూ పోయారు. ఆ ఏటి లీగ్ ఛాంపియన్ కషిమాని కూడా సెమీస్‌లో ఓడించారు. 1999 జనవరి 1న ఫైనల్ గెలిచి, కప్పు అందుకుని, ఇళ్లకి వెళ్లిపోయారు. ఆ రోజుతో జట్టు లేదు! అయితే అభిమానులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. సొంతంగా యొకొహామా ఎఫ్‌సీ అనే జట్టుని పెట్టి, కింది లీగ్ నుంచి మొదలెట్టి, 2007 నాటికి మొదటి డివిజన్ దాకా తెచ్చుకున్నారు.

చేప తోక ఆడించిన రోజు

2011 మార్చి 11. ఆ రాయి కింది చేప తోక ఝాడించింది. ఈశాన్య జపాన్‌ని సునామీ ముంచెత్తింది. కషిమా కూడా వణికింది. గుడి ముందున్న రాతి ముఖద్వారం కుప్పకూలింది. స్టేడియం దెబ్బతింది. సొంత మ్యాచ్ కోసం జట్టు టోక్యో వెళ్లాల్సి వచ్చింది. జట్టు దిగ్గజం ఒగాసవర మిత్సువో పుట్టింది ఇవాతె రాష్ట్రంలో. హైస్కూలు చదివిన ఒఫునాతో సునామీ ధాటికి ఛిద్రమైంది. తోటి ఆటగాళ్లని కూడగట్టుకుని అక్కడి పిల్లలు మళ్లీ బంతి తన్నేలా చేయడానికి అతను ఏళ్ల తరబడి తిరిగాడు.

స్టేడియం కొన్ని నెలల్లోనే తెరుచుకుంది. గుడి ద్వారం 2014లో మళ్లీ లేచింది. ఈసారి రాయి కాదు, ఆలయ అడవిలోని దేవదారు మానులతోనే.

2016 డిసెంబరు 18 రాత్రి ప్రపంచం కషిమా పేరు విన్నది. ప్రపంచ క్లబ్ కప్ ఫైనల్లో ఎదురుగా రియల్ మాడ్రిడ్. షిబసాకి గాకు కొట్టిన రెండు గోల్స్‌తో కషిమా 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది! క్రిస్టియానో రొనాల్డో హ్యాట్రిక్ కొడితేగానీ, అదీ అదనపు సమయంలోగానీ మాడ్రిడ్ 4-2తో గట్టెక్కలేదు. రెండేళ్లకి, 2018లో ఇరాన్ జట్టు పెర్సెపోలిస్‌ని ఓడించి ఆసియా ఛాంపియన్ కూడా అయింది కషిమా.

కొలిమి ఆరినా..

ఊరిని నిలబెట్టిన ఉక్కు మాత్రం మెత్తబడింది. జపాన్‌లో ఉక్కుకి గిరాకీ తగ్గింది. 2019లో కంపెనీ జట్టులో తన పెద్ద వాటాని మెర్కారి అనే ఇంటర్నెట్ సంస్థకి అమ్మేసింది. పాత వస్తువుల్ని ఫోన్లోనే అమ్ముకునే వేదిక అది. 2021లో, కషిమాలోని రెండు కొలుముల్లో ఒకదాన్ని మూసేస్తామన్న ప్రకటన వెలువడింది. ఫ్యాక్టరీనే నమ్ముకున్న కుటుంబాలకి అది పిడుగులాంటి వార్త.

యొకొహామాలో కంపెనీ చెయ్యి వదిలితే జట్టే మాయమైంది. కషిమాలో అలా జరగలేదు. కారణం, అప్పటికే ఆ జట్టు ఊరి నిత్యజీవితంలో కలిసిపోయింది. స్టేడియంలో మ్యాచ్‌లు ఏడాదికి పాతిక ముప్ఫై రోజులకి మించవు. మిగతా రోజులు గేట్లు మూసుకుంటే ఎలా? అందుకే అక్కడ జిమ్ పెట్టారు. 2015లో ఆస్పత్రి తెరిచారు. మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లు ఇప్పుడు ఎక్కే మెట్లు ఒకప్పుడు జీకో ఎక్కినవే.

మధ్యలో కరవు కూడా వచ్చింది. 2018 తర్వాత పెద్ద కప్పు ఒక్కటీ లేదు. కోచ్‌లు మారారు. చివరికి 1990ల్లో ఇదే జట్టుకి ఆడిన ఓనికి తోరు కోచ్‌గా వచ్చాడు. 2025 డిసెంబరు 6న, సీజన్ ఆఖరి మ్యాచ్‌ని సొంత స్టేడియంలో గెలిచి కషిమా తొమ్మిదోసారి లీగ్ ఛాంపియన్ అయింది. తొమ్మిదేళ్ల నిరీక్షణ. జట్టు ఖాతాలో మొత్తం పెద్ద టైటిళ్లు 21.

పది జట్లతో మొదలైన జె-లీగ్‌లో ఇప్పుడు మూడు డివిజన్లలో కలిపి 60 జట్లున్నాయి. మొదటి పదిలో ఒక్కసారి కూడా కింది డివిజన్‌కి జారనివి 2025 సీజన్ ముగిసేనాటికి రెండే. ఒకటి యొకొహామా మారినోస్, రెండోది కషిమా.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఊరు ఎంత పెద్దదైనా జట్టు వేళ్లూనకపోతే ఎగిరిపోతుంది. వేళ్లూనితే జానెడు రాయైనా కదలదు. ఎంత తవ్వినా అడుగు తగలని రాయి కషిమా గుడి వెనక ఒకటుంది. గుడికి కాస్త దూరంలో, సముద్రం వైపు, ఎర్రచొక్కాల మధ్య మరొకటుంది!